మావయ్య తన మీద వేసుకున్న మాట

మావయ్య పోయాడన్న మాట నాకు ఫోనులో తెలిసింది. అప్పుడు నేను సిప్పీఘాట్‌లో ఒక కొబ్బరితోటలో నీళ్ళ పంపు విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. మొదటిసారి మోగినప్పుడు తియ్యలేదు. వెంటనే మళ్ళీ మోగింది. అత్త.

"ఒరే, మీ మావ లేగట్లేదురా," అంది. ఏడవడం లేదు. "అన్నం తిని వరండాలో సాప మీద తొంగున్నాడు. టీ ఎట్టి పిలిస్తే పలకట్లేదు. ఒల్లు సల్లబడిపోనాది. నువ్వొచ్చీ."

పంపు అలాగే వదిలేసి బస్సెక్కాను. బస్సు గోల్ ఘర్ చేరేసరికి ఆకాశంలో మోత మొదలైంది. మూడు రోజులుగా తూర్పు సముద్రం మీద నేవీవాళ్ళ విన్యాసాలు జరుగుతున్నాయి. జెట్ విమానం మనకి కనబడదు. అది దాటిపోయాక దాని మోత వచ్చి ఇళ్ళ రేకుల్ని వణికిస్తుంది. బస్సులో ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం కిటికీలోంచి మెడ బయట పెట్టి చూశాను. ఆ మోత వింటే తల ఎత్తకుండా ఉండలేని వాళ్ళం మా ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం. ఆ రోజు నుంచి నేనొక్కణ్ణే.

మావయ్యని ఈ దీవుల్లో చాలామంది ఎరుగుదురు. సముద్రంలో పడిపోయిన నేవీ పైలట్‌ని బతికించిన జాలరి అని పత్రికలో ఆయన ఫోటో వేశారు. మిన్నీ బే బడిలో పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. అయితే పత్రికలో వచ్చింది సగమే. రెండో సగం తెలిసినవాళ్ళం కొద్దిమందిమి. మావయ్య ఉండగా నేను ఆ మాట ఎత్తడానికి ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు నన్ను ఆపేవారు లేరు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మీసాలు రాని వయసులో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ పిలిపించుకున్నాడు. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు చదువు అబ్బకపోతే తిట్టలేదు. ఇంజన్లు విప్పి బిగించడం నాకు ఇష్టమని కనిపెట్టి, తన డింగీలో ఇంజను నాకప్పగించాడు. ఇక్కడ చిన్న పడవని డింగీ అంటారు. ఇద్దరు మనుషులు, ఒక ఇంజను, ఒక వల. మావయ్య చుక్కాని దగ్గర, నేను ఇంజను దగ్గర. పన్నెండేళ్ళు అలా తిరిగాం.

చదవడం రాదు గానీ ఆయనకి పత్రిక కావాలి. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చే తెలుగు పత్రిక పాతబడి చేతికందేది. నాచేత చదివించుకునేవాడు. పెళ్ళిళ్ళూ రాజకీయాలూ వద్దు. "ఎవులు పోనారో అది సదువు," అనేవాడు. ముఖం తెలియని మనుషుల చావు వార్తలు విని, "అయ్యో, పిల్లలున్నారేటి?" అని అడిగేవాడు. పత్రికలో ఆ సంగతి లేకపోతే నా మీద విసుక్కునేవాడు.

ఆయన హిందీ వింటే బజారులో వాళ్ళకి నవ్వొచ్చేది. సగం తెలుగు, చివర ఒక 'హై'. "భయ్యా, ఏ వంజరం తాజాగా ఉన్నాది హై," అనేవాడు. నవ్వినవాళ్ళతో తనూ నవ్వేవాడు. చేప తాజాది కాకపోతే తాజాదని మాత్రం ఏ భాషలోనూ అనేవాడు కాదు.

సముద్రం గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక్కటి మాత్రం నాకు చాలాసార్లు చెప్పాడు: "సంద్రం అరిసినప్పుడు బయం లేదురా. ఊరుకున్నప్పుడే సూసుకోవాల."

ఆ పైలట్ పడిన రోజు సముద్రం ఊరుకుని ఉంది.

దానికి ముందు వారం నుంచీ ఊళ్ళో అందరికీ నిద్ర సరిగ్గా లేదు. విమానాలు దిగే పెద్ద యుద్ధనౌక మన నీళ్ళలోకి వచ్చిందన్నారు. మావాళ్ళు దాన్ని విమానాలోడ అనేవారు. జెట్టీ మీద మైకులో చెప్పారు, ఫలానా గీత దాటి తూర్పుకి ఏ పడవా వెళ్ళకూడదని. రోజంతా ఆకాశం చిరిగిపోతున్న చప్పుడు. వీధిలో కుక్కలు మంచాల కిందకి దూరాయి. అత్త పెరట్లో పెట్టిన కోడి గుడ్ల మీంచి లేచిపోయింది, మళ్ళీ కూర్చోలేదు. ఆ గుడ్లు తీసి పారేస్తూ అత్త, "రేపు ఎల్లకండి. నాకు బాగోలేదు," అంది.

"నీకు బాగోకపోతే ఆసుపత్రికి ఎల్లాల గానీ నాను ఏటకి మానీడమేటి?" అని మావయ్య నవ్వాడు. కానీ పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. హార్బరు దాటాక నీళ్ళలో చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఏటి మావా?"

"ఏటీ లేదు. నీల్లు ఎచ్చగున్నాయి."

మేము గీతకి ఇవతలే వల వేశాం. రెండుసార్లు వేస్తే రెండుసార్లూ ఖాళీ. గవ్వంత చేప కూడా లేదు. పక్షులు లేవు. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా, మందంగా ఉన్నాయి. తిరిగి వెళ్ళిపోదామని మావయ్యే అన్నాడు. నేను ఇంజను తిప్పాను. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. డీజిల్ గొట్టంలోకి నీరు చేరింది. ముందురోజు చూసుకోవలసిన పని అది. నేను చూసుకోలేదు.

గొట్టం విప్పి, తుడిచి, గాలి తీసి మళ్ళీ బిగించేసరికి గంట దాటిపోయింది. ఆ గంటలో నీటి లాగుడు మమ్మల్ని మెల్లగా తూర్పుకి తీసుకుపోయింది. తల ఎత్తి చూస్తే, దూరాన బూడిదరంగులో ఒక దీవి. అక్కడ దీవి ఉండకూడదు. చూస్తూ ఉండగానే దాని చివరనుంచి ఒక నల్లటి చుక్క లేచింది. కొంతసేపటికి చప్పుడు వచ్చి మా గుండెల మీద పడింది.

"గీత దాటీసినాం," అన్నాడు మావయ్య. "తొందరగా కానీ."

అప్పుడే ఆ ఓడకీ మాకూ మధ్య వాన దిగింది. మా మీద ఎండ, అక్కడ మాత్రం నల్లటి వాన, ఆకాశం నుంచి నీళ్ళదాకా గోడ కట్టినట్టు. ఓడ కనబడకుండా పోయింది. గోడ వెనక ఇంకో విమానం లేచిన చప్పుడు వినబడింది. మోత పెరిగింది, పెరిగింది, ఒక్కసారిగా తెగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

విమానం వాన గోడని చీల్చుకుని మావైపే వచ్చింది. అంత దగ్గరగా జెట్ విమానాన్ని నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు లేకుండా, ఒక రెక్క కిందికి వాల్చి, కిందికి కిందికి జారుతోంది. పైన అద్దం ఊడి ఎగిరింది. ఒకడు పైకి చిమ్ముకొచ్చాడు. ఆ వెంటనే రెండోవాడు. అప్పటికి విమానం బాగా పక్కకి ఒరిగిపోయింది, రెండోవాడు పైకి పోవలసింది అడ్డంగా పోయాడు. ఒక పారాచూట్ గొడుగు పూర్తిగా విచ్చుకుంది. రెండోది సగం విచ్చుకుని గుడ్డ పీలికలా కొట్టుకుంది. విమానం నీటిని తాకినప్పుడు లేచిన నీరు తిరిగి పడడానికి చాలాసేపు పట్టింది. ఆ అలకి మా డింగీ పడుకుని లేచింది.

"తిప్పు!" అని అరిచాడు మావయ్య. నేను ఇంజను తిప్పాను. పట్టుకుంది.

"వైర్‌లెస్ తియ్యి. పిలువు."

నేను సందేహించాను. దాచుకోవడం ఎందుకు, అన్నాను కూడా: "మావా, మనం ఉండకూడని సోట ఉన్నాం. పిలిస్తే లైసెన్సు పోతాది."

"లైసెన్సు కాయితంరా. పిలువు!"

పిలిచాను. వచ్చిన హిందీలో, వచ్చిన ఇంగ్లీషులో, విమానం పడింది, ఇద్దరు మనుషులు నీళ్ళలో ఉన్నారు అని అరిచాను. అవతల నుంచి బరబరమనే శబ్దం. విన్నారో లేదో తెలియదు.

మొదటివాడు మాకు దగ్గరలో పడ్డాడు. తాళ్ళు మెడకీ భుజాలకీ చుట్టుకుని, ఒక చెయ్యి ఊపుతున్నాడు. అరుస్తున్నాడు. రెండోవాడు అంతకు రెండింతల దూరంలో ఉన్నాడు. వాడి నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒక పక్కే ఉబ్బింది. ముఖం కనబడలేదు. కదలడం లేదు.

మావయ్య చుక్కాని రెండోవాడి వైపు తిప్పాడు.

"అటు కాదు మావా! ఇటు! ఈడు పిలుస్తన్నాడు!"

"పిలిసేవోడు కాసేపు ఆగగలడురా. కదలనోడికే తొందర."

"ఆడు పోయినట్టే ఉన్నాడు! ఈణ్ణి కూడా పోగొడతావేటి? తాడు మెడకి సుట్టుకుంది సూడు! తిప్పు!"

నేను జీవితంలో మావయ్య మీద అరిచింది అదొక్కసారే. ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. చుక్కాని తిప్పాడు. నేను చెప్పిన వైపుకి.

మొదటి అబ్బాయిని పడవలోకి ఎక్కించడం తేలిక కాలేదు. గొడుగు గుడ్డ నీళ్ళు తాగి బరువెక్కి వాణ్ణి కిందికి లాగుతోంది. వలలు కోసే కత్తితో మావయ్య ఒక్కొక్క తాడూ కోశాడు. ఇద్దరం చంకల కింద చేతులేసి లాగాం. పాతికేళ్ళుంటాయేమో. ముక్కునుంచి రక్తం. పడవలో పడగానే, "పీఛేవాలా? పీఛేవాలా?" అని అడగడం మొదలుపెట్టాడు. వెనక సీటువాడు ఎక్కడ అని. వాడి నోటికి వేరే మాట రాలేదు.

అటు పోనిచ్చాం. నారింజ రంగు కనబడలేదు. మొదట చోటు తప్పామేమో అనుకున్నాను. మావయ్య నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. "అదిగో," అన్నాడు. నీళ్ళ కింద, మనిషి ఎత్తుకి మించిన లోతులో, తెల్లటి గుడ్డ విచ్చుకుని మెల్లగా దిగిపోతోంది.

ఆయన నడుముకి తాడు కట్టుకున్నాడు. రెండో కొస నా చేతికిచ్చాడు. "రెండుసార్లు నాను లాగితే నువ్వు లాగు. అందాకా వదులు," అని దూకాడు. అప్పటికి ఆయనకి యాభై దాటింది.

తాడు నా చేతుల్లోంచి జారుతూ పోయింది. జారింది, జారింది, ఒకచోట బిగిసింది. ఆయన గొడుగు తాడు పట్టుకున్నాడని అర్థమైంది. మళ్ళీ జారడం మొదలైంది, ఈసారి మెల్లగా, బరువుగా, ఒకే వేగంతో. అది మనిషి ఈదుతున్న వేగం కాదు. బరువుతో పాటు కిందికి పోతున్న వేగం. పైలట్ అబ్బాయి పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. తాడు చివరికొచ్చింది. నేను ఎదురుచూశాను. రెండుసార్లు లాగలేదు. ఒకసారి కూడా లాగలేదు.

నేను లాగేశాను. ఆయన చెప్పకుండా, రెండు కాళ్ళూ పడవ చెక్కకి తన్ని పెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఒక్క కుదుపు, దేన్నో తెంపినట్టు. ఆ తరవాత తాడు తేలిగ్గా వచ్చేసింది.

మావయ్య పైకి వచ్చాడు. చేతులు ఖాళీ. రెండు అరచేతుల్లోనూ చర్మం ఊడిపోయింది. ఊపిరి అందాక మళ్ళీ దూకబోయాడు. నేను వెనకనుంచి రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాను. విదిలించుకోవడానికి చూశాడు, బలం చాల్లేదు. అలా ఇద్దరం పెనుగులాడుతుండగా హెలికాప్టర్ వాన గోడ దాటి వచ్చింది.

మర్నాటి నుంచి నౌకలు వెతికాయి, విమానాలు వెతికాయి. మా డింగీని జెట్టీ దగ్గర కట్టేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు, గీత ఎందుకు దాటారని. మావయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కటి తప్ప. ఇంజను పాడవడం ఎవరి అజాగ్రత్త అని అడిగితే, "పడవ నాది," అన్నాడు. కొన్నాళ్ళకి లైసెన్సు కాగితాలు తిరిగి ఇచ్చేశారు. శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాని మడత విప్పకుండా అత్త చేతికిచ్చి, "ఎక్కడేనా ఎట్టీ, నా కంటపడకుండా," అన్నాడు.

రెండో అబ్బాయి దొరకలేదు. కొన్ని వారాలకి వెతకడం ఆపేశారు. మావయ్య ఆపలేదు. ఏటకి వెళ్ళిన ప్రతిసారీ ఆ వైపు కాసేపు తిరిగి వచ్చేవాడు. వల బరువుగా వస్తే ఆనందపడే మనిషి, బరువు తగలగానే ఆగిపోయి, "అల్లుడా, నువ్వు సూడు," అని ముఖం పక్కకి తిప్పుకునేవాడు. చేపలే వచ్చేవి. ఎప్పుడూ చేపలే. అయినా ప్రతిసారీ ఆ వల నీటిపైకి వచ్చేదాకా ఇద్దరికీ ఊపిరి ఆడేది కాదు.

వాన కాలం అయ్యాక ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు. ఉత్తరాది మనిషి, ఎక్కడో బడిలో పంతులుగా పనిచేసి రిటైరయ్యాడట. నేవీవాళ్ళ జీపులో కాదు, ఆటోలో వచ్చాడు, ఒక్కడే. మా గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. "ఆ చోటు చూపిస్తారా?" అని హిందీలో అడిగాడు.

అత్త టీ ఇచ్చింది. ఆయన తాగాడు. ముగ్గురం డింగీలో వెళ్ళాం.

సముద్రం మీద చోటు అంటూ ఏముంటుంది. మావయ్య ఒక దగ్గర ఇంజను ఆపమన్నాడు. "యహా," అన్నాడు, ఇక్కడే అని. పెద్దాయన నాలుగు వైపులా చూశాడు, తన కొడుకు ఎందుకు ఇక్కడ, అక్కడ ఎందుకు కాదు అన్నట్టు. ఎక్కడ చూసినా ఒకటే నీళ్ళు. అప్పుడు అడిగాడు.

"ఇద్దరు పడ్డారు కదా. మీరు ముందు ఎవరి దగ్గరికి వెళ్ళారు?"

నేను ఇంజను మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"ఆ ఇంకో అబ్బాయి దగ్గరికి," అన్నాడు మావయ్య తన హిందీలో. "దగ్గర ఉన్నాడని. నానే తిప్పినాను. సుక్కాని నా సేతిలో ఉన్నాది."

"మావాడు... కదులుతున్నాడా అప్పుడు?"

"లేదు బాబూ."

"బతికి ఉన్నాడంటారా?"

ఎవరైనా సరే ఆ ప్రశ్నకి లేదనే చెబుతారు. చెప్పడం పుణ్యం కూడా. మావయ్య చెప్పలేదు. "తెలీదు బాబూ. నాను అనుకున్నాను ఉన్నాడని. అందుకే దూకినాను. గొడుగు తాడు దొరికింది సేతికి. పట్టుకున్నాను." అరచేతులు తెరిచి చూపించాడు. "మైనే ఛోడ్ దియా," అన్నాడు. వదిలేశాను అని.

వదల్లేదు. నేను లాగేశాను. అది చెప్పడానికి నోరు తెరిచాను. మావయ్య నా వైపు తిరగకుండానే, తెలుగులో, మామూలు గొంతుతో అన్నాడు: "అల్లుడా, ఇంజను సూసుకో."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. డింగీ ఊగింది. ఆయన మావయ్య చొక్కా గుండెల దగ్గర గట్టిగా పట్టుకుని, "ఎందుకు వదిలావు? ఎందుకు?" అని ఊపేశాడు. మావయ్య ఊగుతూ నిలబడ్డాడు. తల వంచుకున్నాడు గానీ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఊపి ఊపి అలిసిపోయి ఆ పెద్దాయన అదే చొక్కా మీద తల ఆనించాడు. అలా ఎంతసేపున్నారో. నేను ఇంజను చూసుకున్నాను.

తరవాత నాలుగు నెలలు నేను పడవెక్కుతూనే ఉన్నాను. ఆ పైన చేతకాలేదు. ఇంజను తిప్పబోతే చేతికి ఆ కుదుపు తెలిసేది, తెగినట్టు. పంపులు బాగుచేసే పనిలో చేరతానని చెప్పడానికి వెళ్ళినప్పుడు మావయ్య డింగీని ఒడ్డుకి లాగి అడుగున రంగు వేస్తున్నాడు. నేను కూడా బ్రష్షు అందుకున్నాను. సగం పడవ అయ్యాక అడిగాను.

"మావా, పిలిసినోడి వైపు తిప్పమన్నది నాను. తాడు లాగింది నాను. ఆ పెద్దాయనకి అలా ఎందుకు సెప్పినావు?"

ఆయన బ్రష్షు ఆపలేదు.

"కొడుకు పోనోడికి కోపం ఉంటాదిరా. దాన్ని ఎవుల మీదేనా ఎయ్యాల. సంద్రం మీద ఏస్తే ఏటొస్తాది? నాను ముసిలోణ్ణి, ఆయనకి ఎదురుగా ఉన్నాను. నీకింకా బతుకున్నాది."

"కానీ అబద్ధం కదా."

"ఏదిరా అబద్దం? నువ్వు అరిసినావు. తిప్పింది ఎవులు? నాను తిప్పకపోతే నువ్వేం సేసీవోడివి?" నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు లాగకపోతే నాను వదలనురా. వదిలీవోణ్ణి కాను. అది నాకు తెలుసు. మీ అత్తకి కూడా తెలుసు. అందుకే నీకు మొన్న కోడి కోసి పెట్టింది. తిన్నావు కదా? ఇంకేటి."

దాని గురించి ఆయన నాతో అన్న మాటలు అవే. నన్ను పంపు పనికి తనే తీసుకెళ్ళి చేర్పించాడు.

బతికిన అబ్బాయి ఏడాదికి రెండు మూడుసార్లు ఫోను చేసేవాడు. అతను మళ్ళీ విమానం ఎక్కాడు. మావయ్య ఫోను రెండు చేతులతో పట్టుకుని, "ఖానా ఖాయా?" అని అడిగేవాడు. తిన్నావా అని. అవతల ఏం చెబుతున్నా అదే మళ్ళీ అడిగి ఫోను నాకిచ్చేసేవాడు. ఒకసారి అతను పెళ్ళి ఫోటో పంపితే చాలాసేపు చూసి, "పక్కన ఇంకోడు నిలబడాల," అన్నాడు.

చివరి ఏళ్ళలో ఆయనకి ఒక అలవాటు పట్టుకుంది. సముద్రం మీద విమానాల మోత వినబడితే వరండాలోకి వచ్చి లెక్కపెట్టేవాడు. వెళ్ళినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని. చెవులతో లెక్క. మేం నవ్వితే ఊరుకునేవాడు. లెక్క సరిపోయేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

పోయిన రోజు కూడా లెక్కపెట్టాడట. దహనం అయ్యాక అత్త చెప్పింది. "అన్నం సల్లారిపోతంది, తినండి అంటే లేసినాడు. రెండు ముద్దలు తిన్నాడు. సేయి కడుక్కుని మల్లీ వరండాలో కూకున్నాడు. 'ఒకటింకా రాలేదే' అన్నాడు. వొచ్చీసుంటాది, మీకు సెవులు ఇనబడక అన్నాను. 'లేదే, రాలేదు. ఒకటి తక్కువున్నాది' అని తొంగున్నాడు. అంతే."

నేను తెలిసిన వాళ్ళని అడిగాను. ఆ రోజు ఏ విమానానికీ ఏమీ కాలేదన్నారు. అన్నీ దిగాయన్నారు. అత్తకి అదే చెప్పాను. అత్త నా ముఖం వంక చూసి, "మరి మీ మావ ఎప్పుడూ తప్పు లెక్కెట్టలేదురా," అంది.

బతికిన అబ్బాయికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆ తరవాత, రెండు రోజులు ఆలోచించి, రెండో అబ్బాయి తండ్రికి చేశాను. మావయ్య పోయాడని చెప్పాను. అంతటితో ఆగలేదు. పడవ ఆ ఇంకో అబ్బాయి వైపు తిప్పమని అరిచింది నేను, తాడు లాగింది నేను, ఆయన వదల్లేదు, అని ఆగకుండా చెప్పేశాను.

"బేటా," అన్నాడు ఆయన. గొంతు బాగా ముసలిదైపోయింది. "ఆ రోజు పడవలో నీ ముఖం చూశాను. ఎవరు చేశారో అప్పుడే అర్థమైంది. కానీ నేను పట్టుకోవడానికి ఆయన నిలబడ్డాడు. నువ్వు నిలబడలేకపోయావు." ఇంకేమీ అనలేదు. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ. అత్త తిండి తింటోందా అని అడిగి పెట్టేశాడు.

ఆయన అన్నది నిజం. నన్ను ఇన్నేళ్ళూ మామూలు మనిషిగా తిరగనిచ్చింది మావయ్య చొక్కా మీద పడిన ఆ రెండు చేతులే. ఈ కృతజ్ఞత ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

మూడో నాడు అస్థికలు కలపడానికి అత్తా నేనూ డింగీలో వెళ్ళాం. ఇన్నేళ్ళ తరవాత మొదటిసారి ఇంజను తిప్పాను. చుక్కాని కూడా నేనే పట్టుకోవలసి వచ్చింది. హార్బరు దాటి కొంత దూరం వెళ్ళాక ఆపాను. గాలి లేదు. నీళ్ళు ఎక్కడా కదలడం లేదు. అత్త గుప్పిళ్ళతో తీసి వదిలింది. బూడిద నీటిమీద పల్చటి పొరలా పరుచుకుని అక్కడే నిలిచిపోయింది. చివరికి ఖాళీ కుండని కూడా వదిలాం.

కుండ మునగలేదు. నోరు పైకి పెట్టి, నిటారుగా, డింగీ పక్కనే తేలుతూ నిలబడింది. చేత్తో తోస్తే కొంచెం దూరం పోయి మళ్ళీ దగ్గరికి వచ్చింది.

"నీల్లు నింపి ముంచీరా," అంది అత్త. "అలా వదలకూడదు."

నేను పడవ అంచు మీంచి వంగాను. కుండ అంచు మీద చెయ్యి వేశాను. కొంచెం ఒంచితే చాలు, నీళ్ళు లోపలికి పోతాయి. చెయ్యి ఒంగలేదు. అత్త ఒకసారి చూసింది. మళ్ళీ చెప్పలేదు.

చెయ్యి తీసేశాను. నీటి లాగుడు దాన్ని మెల్లగా అందుకుంది. ఇద్దరం అలాగే కూర్చుని చూస్తున్నాం. ఊగకుండా, తొణకకుండా ఆ కుండ ఒక్కటే తూర్పుకి పోయింది, పోయింది, ఎవరో మెడవరకు నీళ్ళలో నిలబడి నడిచిపోతున్నట్టు.